ప్రేక్షకుడెవరు? – టెలివిజను లెక్కలలో ఒక మాట

తెలుగులో టెలివిజను చూచువారికి రెండు పేర్లు వాడుకలోనున్నవి. ఒకటి ప్రేక్షకుడు, రెండవది వీక్షకుడు. నాటకమునకు, సినిమాకు మొదటిదే స్థిరపడినది. టెలివిజను వచ్చిన తరువాత, అందునా చానళ్ళు పెరిగిన తరువాత, రెండవది వార్తలు చదువువారి నోటను, వ్యాఖ్యాతల నోటను నలిగి నేడు మొదటిదానితో సమానముగా చెల్లుచున్నది. ఈ రెంటిలో ఏది మేలైనదని భాషాభిమానులు వాదించుకొనుట కద్దు. వాదము ముచ్చటగానే యుండును గాని, విచారింపవలసిన అసలు సంగతి అందులో మిగిలిపోవుచున్నది. ఈ మాట నేడు కేవలము పలుకరింపు కాదు; ఒక కొలతకు పేరు. "ఈ ధారావాహికకు ఇన్ని లక్షలమంది ప్రేక్షకులు" అని పత్రికలో అచ్చుపడినప్పుడు, అది 'ఇన్ని మీటర్లు', 'ఇన్ని కిలోగ్రాములు' అనుటవంటి వాక్యమే. మీటరనగానేమో, కిలోగ్రామనగానేమో శాస్త్రము నిర్ణయించి పెట్టినది. ప్రేక్షకుడనగా ఎవరు? ఏమి చేసినవానిని ఆ లెక్కలో కలుపుదురు? ఈ ప్రశ్నకు జవాబు తెలియకయే ఆ సంఖ్యను చదువుచున్నారు, నమ్ముచున్నారు, దానినిబట్టి కోట్ల రూపాయల ప్రకటనలు పంచుకొనుచున్నారు.

రెండు పదములకును ధాతువొకటే. సంస్కృతమున 'ఈక్ష్' అనగా చూచుట. దానికి 'ప్ర' చేరి ప్రేక్షకుడు, 'వి' చేరి వీక్షకుడు అయినారు. ఈ ధాతువు కుటుంబము చాల పెద్దది. అన్నివైపులనుండి చూచుట పరీక్ష. చక్కగా చూచి విలువ కట్టుట సమీక్ష. కన్నార్పక చూచుట నిరీక్షణము, తెలుగువారికి అది ఎదురుచూపు కూడ. చూచియు చూడనట్లుండుట ఉపేక్ష. ఈ చివరి పదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పనియున్నది.

ప్రేక్షకుడను మాటకు మన దేశమున గట్టి పూర్వచరిత్ర కలదు. భరతుని నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమున ప్రేక్షాగృహ నిర్మాణము చెప్పబడినది. అందు మనుష్యులకు తగినది మధ్యమ పరిమాణమని, అనగా 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు గలదని నిర్ణయము. కారణము కూడ ఆ గ్రంథమే చెప్పినది: మందిరము అంతకు మించి పెద్దదైనచో నటుని ముఖమునందలి భావము కానరాదు, పలికిన మాట స్పష్టముగా వినరాదు. కంటికిని, చెవికిని ఒక హద్దున్నదని గుర్తించి, ఆ హద్దునుబట్టి భవనమునకు కొలత ఇచ్చుట ఆశ్చర్యకరమైన శాస్త్రదృష్టి. అదే గ్రంథము 27వ అధ్యాయమున ప్రేక్షకుడెట్టివాడై యుండవలెనో వర్ణింపబడినది. పాత్ర సంతోషమున తాను సంతోషించి, దాని శోకమున తాను శోకించువాడు ప్రేక్షకుడు. ఇన్ని గుణములు ఒక్కనియందే దొరకవని కూడ ఆ శాస్త్రకారుడు ఒప్పుకొన్నాడు. ఎట్లయినను ఆ ప్రేక్షకుడు కూర్చుండి, మనసిచ్చి, చూచువాడు. చూచుట అనునది అతడు చేయు పని.

ఇట్టి మాట తెలుగులో క్రమముగా జారిన విధము వింతగానున్నది. ఒక వీధిలో కొట్లాట జరుగుచుండగా రక్షకభటులు కదలకున్నచో వారు 'ప్రేక్షకపాత్ర వహించిరి' అని పత్రికలు వ్రాయును. భరతుని ప్రేక్షకుడు హృదయము కరిగించుకొనువాడు. పత్రికల ప్రేక్షకుడు చేతులు కట్టుకొని నిలుచువాడు. టెలివిజను వారు ఈ మాటను తీసికొనునప్పటికే అది సగము అరిగియున్నదన్నమాట.

రేడియోకు ఈ చిక్కు రాలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమగునాటికే 'శ్రోత' అనుమాట సిద్ధముగానుండెను. నేటికిని దానికి పోటీ లేదు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శను కేంద్రము ప్రారంభమైనప్పుడు మాత్రము బొమ్మయు ధ్వనియు కలిసివచ్చెను. శ్రోత చాలడు. పుస్తకముల సంస్కృతము నాశ్రయించి ప్రేక్షకుని, వీక్షకుని పిలిచిరి. అచ్చతెలుగున 'చూపరి' అను చక్కని మాట యున్నను దానిని పట్టించుకొన్నవారు తక్కువ.

ఈ తికమక తెలుగువారికి మాత్రమే కలిగినదికాదు. లండనులో బి.బి.సి. తన నిత్య టెలివిజను ప్రసారములను 1936 నవంబరు 2న ప్రారంభించినది. అంతకుముందే, 1935లో, ఆ సంస్థకు ఉచ్చారణాదులయందు సలహాలిచ్చు సంఘము క్రింద ఒక ఉపసంఘము ఏర్పడి, టెలివిజను చూచువానిని ఏమని పిలువవలెనని తర్కించినది. ఆ సలహా సంఘమునకు అప్పుడు అధ్యక్షుడు బెర్నార్డు షా. వచ్చిన సూచనల జాబితా చదువుటకు వినోదముగానుండును: 'లుకర్ ఇన్', అనగా లోనికి తొంగిచూచువాడు; 'ఆరాలుకర్', అనగా విని చూచువాడు; 'ఆప్టావిస్ట్', 'టెలిసీయర్', 'విజనిస్ట్', 'గ్లాన్సర్'. తుదకు 'టెలివ్యూయర్' అని నిశ్చయించిరి. జనుల నోట అది 'వ్యూయర్' అయి నిలిచినది. త్రోసివేసినవానిలో 'గ్లాన్సర్' అనుదానికి అర్థము ఒక చూపు విసరి పోవువాడని. ఆనాడు అది హాస్యముగా తోచియుండవచ్చును. కాని 1982లో జాన్ ఎల్లిస్ అను బ్రిటిషు విమర్శకుడు 'విజిబుల్ ఫిక్షన్స్' అను గ్రంథమున సినిమాకును టెలివిజనుకును గల భేదమును నిర్ణయించుచు, సినిమాను జనులు తదేకదృష్టితో చూతురనియు, టెలివిజనుపై అప్పుడప్పుడు చూపులు విసరుదురనియు చెప్పెను. త్రోసివేసిన మాటయే నిజమునకు దగ్గరగానుండెనని అనవలసివచ్చుచున్నది.

పేరు సంగతి యిది. ఇక లెక్కించు పద్ధతికి రావలెను.

మొట్టమొదట లెక్కించినది మనుష్యులను గాదు, పెట్టెలను. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఎల్డర్, వుడ్రఫ్ అనువారు నిర్మించిన 'ఆడిమీటరు'ను ఆర్థర్ నీల్సన్ 1936లో కొనెను. అది రేడియోకు తగిలించు యంత్రము. రేడియో ఎప్పుడు పలికినది, ఏ కేంద్రముపై ముల్లు నిలిచినది అను రెండు విషయములనే నమోదుచేసెడిది. తరువాత టెలివిజనుకును అదే పద్ధతి వచ్చినది. గదిలో ఎవరున్నారో యంత్రమునకు తెలియదు గనుక, ఇంటివారిచేత దినచర్య పుస్తకములు వ్రాయించి ఆ లోటు పూరించుకొనిరి. మన దూరదర్శనుకు కూడ మొదటి కొలతలు ఇట్టి పుస్తకములతోనే జరిగినవి. వారము చివర కూర్చుండి, సోమవారము రాత్రి ఏమి చూచితిమని జ్ఞాపకము చేసికొని నింపు పుస్తకము ఎంత సత్యముగానుండునో ఊహింపవచ్చును.

అమెరికాలో 1987 నుండి 'పీపుల్ మీటరు' వచ్చెను. ఇంటిలోని ప్రతివారికి ఒక మీట. టెలివిజను ఎదుటికి వచ్చినప్పుడు నొక్కవలెను, లేచి పోవునప్పుడు మరల నొక్కవలెను. నేటికిని పెక్కు దేశములలో, మన దేశములో కూడ, కొలత మూలమున ఈ మీటయే యున్నది. ఇందు నమోదగునది మూడు సంగతుల కలయిక: పెట్టె పలుకుచున్నది, ఫలానా చానలుపై నున్నది, ఫలానా మనిషి తాను ఉన్నానని మీట నొక్కియున్నాడు. 'చూచుచున్నాడు' అనునది ఈ మూటిలోను లేదు.

మరియొక విశేషము కలదు. మన దేశమున 2015 నుండి టెలివిజను లెక్కలు వెలువరించుచున్న సంస్థ బ్రాడ్‌కాస్ట్ ఆడియెన్స్ రీసెర్చ్ కౌన్సిల్, వాడుకలో 'బార్క్'. దాని పద్ధతిలో ప్రతి చానలు తన ధ్వనిలో మనుష్యుని చెవికి అందని ఒక గుర్తును కలిపి ప్రసారము చేయును. ఎంపికచేసిన యింటనున్న మీటరు ఆ గుర్తును పట్టుకొని, ఇది ఫలానా చానలని తెలిసికొనును. అనగా వీక్షకులను లెక్కపెట్టు యంత్రము వీక్షించునది కాదు, వినునది! ఇంగ్లీషువారు టెలివిజను జనసమూహమును నేటికిని 'ఆడియెన్స్' అందురు. లాటినులో ఆ మాటకు మూలము వినుట. తెలిసియో తెలియకయో వారి మాట వారి యంత్రమునకు సరిపోయినది. మన మాటయే సరిపోలేదు.

ఈ యంత్రముల సంగతి అటుంచి, జనులు నిజముగా ఏమి చేయుచున్నారని కన్నులార చూచినవారు లేకపోలేదు. అమెరికాలోని కాన్సస్ సిటీలో బెక్టెల్ మొదలగు పరిశోధకులు 20 కుటుంబముల యిండ్లలో, వారి సమ్మతితో, కెమెరాలు పెట్టి టెలివిజనును, దాని ఎదుటనున్నవారిని ఏకకాలమున చిత్రించిరి. ఫలితములు 1972లో ప్రకటింపబడినవి. టెలివిజను ఎదుటనున్న కాలములో కన్ను తెరపైనున్న కాలమెంత? సినిమాలకు సుమారు 76 శాతము. వార్తలకు సుమారు 55. ప్రకటనలకును సుమారు 55. ఇంటివారు పుస్తకములో వ్రాసిన కాలము కెమెరా చూపిన కాలముకన్న ఎక్కువగా తేలినది. ఇంగ్లండులో 1985లో పీటర్ కాలెట్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఇంకొక ఉపాయము పన్నెను. టెలివిజను పెట్టెలోపలనే కెమెరా అమర్చి, పెట్టె వెలిగినప్పుడెల్ల అది గదిని చిత్రించునట్లు చేసెను. ఆ చిత్రములలో జనులు భోజనము చేయుచున్నారు, కునుకు తీయుచున్నారు, పోట్లాడుచున్నారు. కొన్నిట గది ఖాళీగానే యున్నది, టెలివిజను మాత్రము తనలో తాను మాటలాడుకొనుచున్నది. గదిలోనున్న కాలములో కన్ను తెరపైనుండినది సుమారు మూడింట రెండు వంతులే.

మన యిండ్లలో ఇట్టి కెమెరా పెట్టినచో ఏమి కనబడునో చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. సాయంకాలము ధారావాహిక వచ్చుచుండును. ఇల్లాలు వంటింట పోపు వేయుచు, మాటలను బట్టి కథ పట్టుకొనును. అత్త కోడలిని తిట్టు ఘట్టమునకు మాత్రము గరిటెతోనే గుమ్మములోనికి వచ్చి నిలుచును. ఆమె శ్రోత, నడుమ నడుమ చూపరి. తాతగారు కుర్చీలో నిద్రించుచుందురు. పెట్టె ఆపినచో మేల్కొందురు. పిల్లవాడు చేతిలోని ఫోనుపై వంగియుండును. ముగ్గురి మీటలు నొక్కియున్నచో లెక్కకు ముగ్గురు ప్రేక్షకులు. పైన జ్ఞాపకముంచుకొనుమన్న పదము ఇక్కడ పనికివచ్చును: అదే ధాతువునుండి పుట్టిన 'ఉపేక్షకుడు' అనునది ఇందులో ఇద్దరికైనను ఒప్పును.

ఈ మాట ఎంత సాగదీయబడినదో తెలిసికొనుటకు ఒక్క సంఖ్య చాలును. 2020లో బార్క్ వెలువరించిన అంచనా ప్రకారము దేశమున టెలివిజను గల యిండ్లు 21 కోట్లు. టెలివిజను చూచువారు 89.2 కోట్లు. ఈ రెండవ సంఖ్యను పత్రికలు '89 కోట్ల ప్రేక్షకులు' అని ప్రకటించినవి. భాగించి చూడుడు: ఇంటికి సుమారు 4.25 మంది. అనగా టెలివిజను గల యింట నివసించు, రెండేండ్లు నిండిన ప్రతి ప్రాణియు అందు చేరినది. చూచినను సరే, చూడకున్నను సరే. నూతిగల యింటివారందరును ఈతగాండ్రని లెక్కవేయుట ఇట్టిదే.

ఒకే మాట మూడు రాశులకు పేరైనదని ఇప్పుడు స్పష్టము. టెలివిజను గల యింటివాడు ఒకడు. మీట నొక్కి గదిలోనున్నట్లు నమోదైనవాడు రెండవవాడు. కన్ను తెరపై నిలిపినవాడు మూడవవాడు. మొదటివాని లెక్క జనాభా లెక్కవంటిది. రెండవవానిది బడిలో హాజరు పట్టికవంటిది. మూడవవాని లెక్క దాదాపు ఎవరును తీయుటలేదు. హాజరు పట్టికలో పేరున్నంతమాత్రమున పాఠము వినెనని ఏ ఉపాధ్యాయుడును సంతకము చేయడు. టెలివిజను పట్టికకు మాత్రము అట్టి సంతకము ప్రతివారము పడుచున్నది.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. రేటింగులలో తప్పున్నదన్న మాట కొత్తదికాదుగదా, నమూనా చిన్నదని ఎప్పటినుండియో అనుచున్నారుగదా అని. ఆ తప్పు వేరు, ఈ తప్పు వేరు. 2014లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శక సూత్రములు నమూనాను 20,000 ఇండ్లతో ప్రారంభించి ఏటేట 10,000 చొప్పున 50,000 వరకు పెంచవలెనని చెప్పినవి. 2020 నాటికి సుమారు 44,000 ఇండ్లలో మీటర్లుండెను. 21 కోట్ల యిండ్లకు 44,000 అనగా ఒక్కొక్క యిల్లు సుమారు 4,770 ఇండ్లకు ప్రతినిధి. ఇది దోషము కాదు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలును. కాని ఒక ప్రాంతము, ఒక వయస్సు, ఒక భాష అని విడదీసికొని పోగా పోగా చేతిలో మెతుకులు తగ్గును. ఒక విభాగమున 1,000 మంది మాత్రమే మిగిలిరనుకొందము. వారిలో నూటికి ఒకరు ఒక చానలు పెట్టిరి. సంభావ్యతా గణితము ప్రకారము నిజమైన విలువ 0.4 మొదలు 1.6 వరకు ఎక్కడనైన నుండవచ్చును. ఒక యింటివారందరు ఒకే తెరను పంచుకొందురు గనుక వాస్తవమున ఈ వెడల్పు ఇంకను ఎక్కువ. 1,000ని 4,000 చేసినచో తేడా సగమగును. ధనము పెట్టి మీటర్లు పెంచినచో తరుగునట్టి తప్పు ఇది. మాటలోని తప్పు అట్లు తరుగదు. నమూనాను కోటి యిండ్లకు పెంచినను మీటరు కొలుచునది హాజరునే. దానిని చూపు అని పిలిచినంతకాలము తప్పు అంతయు అట్లేయుండును. కుంటి తూకపురాతితో ఎన్నిసార్లు తూచినను బరువు సరికాదు.

ఆ పైని 'సగటు నిమిషపు సంఖ్య' యను నొకటి కలదు. పత్రికలలో ప్రేక్షక సంఖ్యగా వచ్చునది సాధారణముగా ఇదియే. పదిమంది గల యొక ఊరిని ఊహింపుడు. అరగంట కార్యక్రమమును ఐదుగురు మొత్తము 30 నిమిషములు పెట్టుకొనిరి. తక్కిన ఐదుగురు ఒక్కొక్కరు 6 నిమిషములు పెట్టి మార్చివేసిరి. మొత్తము 150, 30 కలిసి 180 మనిషి-నిమిషములు. దానిని 30చే భాగింపగా 6. కాబట్టి ఈ కార్యక్రమమునకు 'ఆరుగురు ప్రేక్షకులు'. ఒక నిమిషమైన పెట్టినవారిని లెక్కించినచో పదిమంది. దానిని 'రీచ్' అందురు. తుదివరకు పెట్టుకొన్నవారిని లెక్కించినచో ఐదుగురు. ఆరుగురు అను లెక్కలోని ఆరవవాడు ఏ వీధిలోను లేడు. అతడు భాగహారమున పుట్టినవాడు. గణితమున అట్టివాడు ఉండుట తప్పుకాదు, భౌతికశాస్త్రమున ద్రవ్యరాశి కేంద్రము వస్తువునకు వెలుపల నుండుట లేదా? కాని ఎవరును ద్రవ్యరాశి కేంద్రమునకు స్వాగతము చెప్పరు, ప్రేక్షకమహాశయులారా అని.

మాటకును కొలతకును గల ఈ ఎడము వలన నష్టమేమి అనువారు 2020 అక్టోబరును తలచుకొనవలెను. ఆ నెల 8వ తేదీన ముంబయి పోలీసులు కొన్ని చానళ్ళపై ఒక ఆరోపణ ప్రకటించిరి. మీటరు గల కొన్ని యిండ్లవారికి ధనమిచ్చి, ఫలానా చానలునే పెట్టి యుంచుమని చెప్పిరట. తరువాత కొలదిదినములకు బార్క్ వార్తాచానళ్ళ విడివిడి రేటింగులను నిలిపివేసెను. అవి మరల 2022 మార్చిలోగాని రాలేదు, వచ్చినను నాలుగు వారముల సగటుగా వచ్చినవి. ఆరోపణ నిజమా కాదా అన్నది న్యాయస్థానముల సంగతి. గమనింపవలసినది దాని స్వరూపము. ఎవరినిగాని బలవంతముగా చూపించిరని ఆరోపణలో లేదు. చూడనక్కరలేదు, పెట్టి యుంచిన చాలును. ప్రేక్షకుడనగా చూచువాడే యైనచో ఇట్టి మోసము చేయుటకు ప్రతి యింటను ఒకనిని కూర్చుండబెట్టి కన్నులు తెరిపింపవలసియుండెను! తలుపునకు తాళము లేదని దొంగకు ఇంటివానికంటె ముందే తెలియును.

సెట్‌టాప్ బాక్సు వెలిగింపగానే మొట్టమొదట కనబడు చానలు సంగతియు ఇట్టిదే. చూచువాడు కోరి పెట్టినది కాదు. రిమోటు వెదకుకొనులోపల పలుకుచుండునది. ఆ స్థానమునకై చానళ్ళు ధనము చెల్లించుట, దానిపై వివాదములు న్యాయస్థానములకెక్కుట తెలిసినదే.

అంతర్జాలము వచ్చిన తరువాత తూకపురాయి మరింత తేలికైనది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ మొదట ఒక చిత్రమునో, ధారావాహికలోని ఒక భాగమునో 70 శాతము చూచినవారినే లెక్కలో చేర్చుకొనెడిది. 2020 జనవరిలో ఆ నియమము మార్చి, రెండు నిమిషములు చూచినచో చాలుననెను. కొత్త లెక్క పాతదానికంటె సగటున సుమారు 35 శాతము ఎక్కువగా వచ్చునని ఆ సంస్థయే తన వాటాదారులకు తెలిపెను. ఒక్క కొత్త మనిషి చూడకుండగనే నూటికి ముప్పదియైదుమంది పెరిగిరి. 2021లో ఆ పద్ధతిని వదలి చూచిన గంటలను, 2023లో ఆ గంటలను చిత్రపు నిడివిచే భాగించిన సంఖ్యను ప్రకటింపసాగిరి. మెచ్చుకొనవలసినదేమన్నచో, నియమము మారినప్పుడు మారినదని చెప్పిరి. మన పత్రికలలో 'కోటి వీక్షణలు' అని వచ్చు వార్తలకు ఏ నియమము ప్రకారమో చెప్పు వాడుకయే లేదు.

ఈ విమర్శకు ప్రసారసంస్థలవారు చెప్పు సమాధానమును గూడ వినవలెను. రేటింగనునది సత్యము కాదు, నాణెము. అమ్మువాడును కొనువాడును ఒప్పుకొన్న కొలత ఏదైనను వ్యాపారమునకు చాలును. కన్నుల కదలికను ఇంటింట కొలుచుట దుర్భరమైన వ్యయము, పైగా ఇంటివారి ఏకాంతమునకు భంగము. ఈ సమాధానము చాలవరకు న్యాయమే. హాజరును కొలుచుట తప్పనువారెవరు? కాని నాణెము అంగడిలో చెల్లుచున్నంతవరకే ఆ న్యాయము. ఆ సంఖ్య అంగడి దాటి వచ్చి, "ప్రజలు కోరుచున్నది ఇదియే, అందుకే ఇది చూపుచున్నాము" అని వాదమునకు సాక్ష్యమైనప్పుడు, హాజరు కోరికగా మారినది, ఎవరును ఋజువు చూపకుండగనే. విజ్ఞాన కార్యక్రమములు రాత్రి పొద్దుపోయిన వేళలకు తరలుట, వ్యవసాయ కార్యక్రమములు కుదించుకొనిపోవుట, ఒక గదిలో పదిమంది అరచుకొనుట వార్తయని పేరు తెచ్చుకొనుట ఈ సాక్ష్యముపై జరుగుచున్నవే. పది నిమిషములు కన్నార్పక చూచిన రైతును, మూడు గంటలు పెట్టి యుంచి నిద్రించిన యింటిని పక్కపక్కన పెట్టినచో, ఈ లెక్కలో రెండవదియే పదునెనిమిది రెట్లు గొప్పది.

ఇంతకంటె నమ్మదగిన లెక్క ఈ దేశములోనే ఒకప్పుడు జరిగినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశము ఒకటి. తెలుగులో ప్రసారములు వచ్చినవి. ఊరికొక పెట్టె, సాధారణముగా బడి దగ్గర. దాని యెదుట ఊరివారు నేలపై కూర్చుండి చూచిరి. పరిశోధకులు అక్కడనే యుండి, ఎవరు వచ్చిరి, ఎవరు లేచిపోయిరి, ఏమి తెలిసికొనిరి అని విచారించిరి. కొందరు గ్రామములలోనే కాపురముండి పరిశీలించిరి. కొత్తదనపు రద్దీ తగ్గిన తరువాత మిగిలినవారు నిజముగా చూడవచ్చినవారు. చలిలో, దోమలలో, ఇల్లు విడిచి వచ్చి కూర్చుండినవానిని ప్రేక్షకుడనుటకు భరతుడును అభ్యంతరము చెప్పడు.

మాటలు కొత్తగా సృష్టింపనక్కరలేదు, ఉన్నవానిని విడదీసికొన్న చాలును. టెలివిజను గల యిండ్లలోని జనసంఖ్యను 'టీవీ ఇండ్ల జనాభా' అనవచ్చును. అందమైన మాట కాదు గాని అబద్ధము లేదు. మీటరు లెక్కను 'హాజరు' అనవచ్చును. చదువురానివారికిని అర్థమగు మాట. సగటు నిమిషపు సంఖ్యకు 'సగటు హాజరు' సరిపోవును. తెరపై కన్ను వేసినవానికి 'చూపరి' యున్నాడు. ప్రేక్షకుని, వీక్షకుని వ్యాఖ్యాతల పలుకరింపులకు విడిచిపెట్టవచ్చును. పలుకరింపులో మర్యాద ముఖ్యముగాని లెక్క కాదు. చూపరి అను మాటలోను ఒక కొరత యున్నమాట నిజము. కన్ను కనబడనివారు ఎందరో టెలివిజను ఎదుట కూర్చుండి చెవితోనే దానిని సంపూర్ణముగా అనుసరింతురు. వారి శ్రద్ధ తెరను చూచు చాలమంది శ్రద్ధకంటె గొప్పది. వారిని ఏమనవలెను? 'శ్రోత' యని పిలుచుటలో తప్పులేదు, టెలివిజనుకు శ్రోతలు ఉండరాదన్న నియమమేమియు లేదు. వంటింటి ఇల్లాలిని గూడ ఆ వరుసలోనే చేర్చవచ్చును.

పత్రికలవారు వారమువారము వ్రాయు వాక్యమును ఈ మాటలతో తిరిగి వ్రాసి చూడవచ్చును. "గత వారము ఈ ధారావాహికను 40 లక్షలమంది ప్రేక్షకులు చూచిరి" అనుటకు మారుగా, "గత వారము ఈ ధారావాహిక వచ్చిన వేళ, ఇన్ని మీటరు ఇండ్ల లెక్కనుబట్టి, టెలివిజను వెలుగుచున్న గదులలో నిమిషమునకు సగటున 40 లక్షలమంది హాజరుండిరని అంచనా, ఈ అంచనాలో హెచ్చుతగ్గులు ఇంతవరకు ఉండవచ్చును" అని. వాక్యము పొడవైనది, శీర్షికకు పట్టదు. శీర్షిక క్రింద రెండవ పంక్తిలో పట్టును.